గంటకు తొమ్మిది మిల్లీలీటర్లు

మిరజ్, 4 ఆగస్టు 2003

చిరంజీవి జయవంత్‌కు, నీ అక్క భర్త ధోండిరామ్ చౌగులే ఆశీస్సులతో రాస్తున్నది.

పుణె పత్రికలో వచ్చిన నీ ఫొటో అందింది. నీవు పంపినది ఒకటి, మీ అమ్మగారు పంపినది ఒకటి, నీ అక్క సుమన్ బస్‌స్టాండులో కొని తెచ్చినవి నాలుగు. వెరసి ఇంట్లో ఆరు ప్రతులున్నాయి. ఒకదాన్ని వంటింటి అలమర తలుపుకు అంటించారు. టీ పొడి కోసం నేను చెయ్యి చాపినప్పుడల్లా నీవు నన్ను చూసి నవ్వుతున్నావు.

వార్తను మూడుసార్లు చదివాను. మీ పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్లకు పీల్పించే సెవోఫ్లూరేన్ మత్తుమందు వాడకాన్ని నీవు సగానికి పైగా తగ్గించావని రాశారు. సంతోషించవలసిన విషయం. సంతోషించాను. పని ఎక్కడ నేర్చుకున్నావని విలేఖరి అడిగిన చోట మాత్రం డిప్లొమా కళాశాల పేరొక్కటే కనిపించింది. పద్దెనిమిదేళ్ల వయసులో రెండేళ్లు మా ఇంట్లో ఉండి, మా థియేటర్‌లో నా పక్కన నిలబడి, రోగి ముఖానికి మాస్కు ఎలా ఆనించాలో నేర్చుకున్న సంగతికి పత్రికలో చోటు చాలి ఉండదు.

ఇక్కడి విషయాలు వరుసగా రాస్తాను. మొదటిది, దీపావళికి మా ట్రస్టు ఆసుపత్రిలో కొత్త థియేటర్ తెరుస్తున్నారు. దానికి టెక్నీషియన్లపై ఒక ఇన్‌చార్జి కావాలి. రెండోది, ఆ ఉద్యోగానికి డిప్లొమా ఉండాలి. నాకున్నది ఇరవై ఏడేళ్ల పని మాత్రమే. స్ట్రెచర్ తోసే పనిలో చేరినవాణ్ణి. మూలపడిన మత్తుయంత్రాన్ని విప్పి, బిగించి, మళ్లీ విప్పి నేర్చుకున్నవాణ్ణి. మత్తు డాక్టర్ లిమయే మేడమ్ నా తరఫున సెక్రెటరీ కోఠారీ శెట్‌తో మాట్లాడారు. శెట్ అన్న మాటను ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "దసరా లోపల చౌగులే ఆ సెవో వాడకం సగం చేసి చూపించనీ, డిప్లొమా సంగతి నేను మర్చిపోతా. చెయ్యలేదా, పిల్లల ఉచిత ఆపరేషన్లకి ఆ మందు బంద్. ఉద్యోగం పేపర్లో వేయిస్తా."

మూడోది, ఆ శెట్ బల్ల మీద అద్దం కింద నీ ఫొటో ఉంది. అది ఏడో ప్రతి.

ఇక్కడితో ఆపుతున్నాను.
ధోండిరామ్

*

పుణె, 11 ఆగస్టు

బావగారు దాజీకి, ఇక్కణ్ణుంచే కాళ్లకు మొక్కి జయవంత్.

విలేఖరికి మీ గురించి పావుగంట చెప్పాను. నేను మీ పేరెత్తగానే అతను కలం మూసి టీ తాగడం మొదలుపెట్టాడు. నేనేం చెయ్యను చెప్పండి. ఆ ఫొటోలో నా చొక్కా గుండీ ఊడి ఉంది, అది కూడా అక్కే కనిపెట్టింది.

ఇందులో పెద్ద విద్యేం లేదు దాజీ. రోగి వదిలిన గాలి యంత్రంలో గుండ్రంగా తిరిగి మళ్లీ అతనికే వస్తుంది కదా. మధ్యలో సోడాలైమ్ గుళికల డబ్బా దానిలోని చెడుగాలిని పట్టేస్తుంది. అలాంటప్పుడు కొత్త వాయువును నిమిషానికి ఆరు లీటర్లు ఎందుకు పంపాలి? మొదటి పది నిమిషాలు పంపి, తర్వాత ఒక్క లీటరుకు దింపేస్తే చాలు. ఆరు పంపితే, అయిదు లీటర్ల వాయువూ దాంతోపాటు మందూ గొట్టంలోంచి బయటికి పోయి కాకులు మత్తులో పడతాయి. డాక్టర్ రోగి గొంతులో గొట్టం వేసే ఆ నిమిషంలో కూడా అందరూ వాయువును తెరిచే ఉంచుతారు, థియేటర్‌లో ఉన్నవాళ్లం మనమే పీల్చుకుంటాం. దాన్ని కట్టేయమన్నాను. అంతే. మాది గంటకు పది మిల్లీలీటర్లకు వచ్చింది. మీది ఎంత?

ఒకటే తేడా. మాకు రోగి ఊపిరిలో ఏది ఎంతుందో చూపించే తెర ప్రతి టేబుల్‌కూ ఉంది. మీకు ఉన్నది ఒక్కటే, అదీ పెద్దవాళ్ల టేబుల్ దగ్గర. అందుకని రెండు రోజులు సెలవు పెట్టి నేనే వచ్చి అంతా సరిచేసి వెళతాను. శెట్‌తో కూడా ఒక మాట చెబుతాను. ఏమంటారు?

అక్క చేసే భడంగ్ తిని ఏడాదైంది. ఇక్కడ దొరికేది మరమరాలకు కారం పూసినట్టు ఉంటుంది.

మీ జయవంత్

*

మిరజ్, 18 ఆగస్టు

చిరంజీవి జయవంత్‌కు.

నీవు రానక్కరలేదు. నీవు వచ్చి 'సరిచేయడానికి' ఇక్కడ ఏదీ చెడిపోలేదు. శెట్‌తో ఒక మాట చెప్పడానికి నాకు ఇంకా నోరుంది.

నీ ఉత్తరాన్ని నీ అక్క బిగ్గరగా చదివింది. 'పెద్ద విద్యేం లేదు' అన్న చోట ఆగి, "ఎంత అణకువో చూశారా వాడికి" అంది. నేను భాకరి రొట్టె తింటున్నాను. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో నా పని గురించి ఆమె ఒక్క ప్రశ్న అడగలేదు. ఇప్పుడు రోజూ అడుగుతోంది: "ఇవాళ ఎంతయింది? జయాది పదే కదా?"

మాది ముప్పై ఒకటి. నిరుటి రిజిస్టర్లు తిరగేసి, మందు పాత్ర గాజు మీద ప్లాస్టరు పట్టీ అంటించి ఎనిమిది రోజులు గీతలు పెట్టి, రెండు విధాలా లెక్కకట్టి తేల్చిన సంఖ్య ఇది. మా కేసుల్లో సగం పిల్లలవి. సూదికి భయపడే పిల్లలు మాస్కులో పీల్చి నిద్రపోవాలి. అక్కడే మందు ఎక్కువ పడుతుంది. ఇది సాకు కాదు, వివరం.

నీవు చేయవలసినది ఒకటే. మీ ఆసుపత్రిలో గోడకు అంటించిన సూచనల పట్టిక నకలు పంపు. అందులో నేను నీకు నేర్పినవాటిని మళ్లీ నాకే రాయకు. మాస్కు గురించి, గొట్టాల గురించి, ముఖ్యంగా సోడాలైమ్ గురించి ఒక్క ముక్క వద్దు. ఆ డబ్బా మూత తిప్పడం నీకు నేర్పింది ఈ చేతులు.

భడంగ్ అరకిలో బస్సులో పంపింది మీ అక్క. నాకోసం చేసిన దాంట్లోంచి తీసింది.

ధోండిరామ్

*

పుణె, 2 సెప్టెంబర్

దాజీకి జయవంత్ నమస్కారాలు.

పట్టిక ఈ కవరులోనే ఉంది. గోడ మీది దాంట్లో పన్నెండు సూచనలున్నాయి. మీకు పంపేదాంట్లో పదకొండే. మీరు వద్దన్నారు కాబట్టి సోడాలైమ్ మీదిది కొట్టేశాను. నేను ఆ మాట మీకు చెప్పడం, తాలింపు ఎలా పెట్టాలో అమ్మకు చెప్పడం లాంటిదే. ఇక కోపం తగ్గించండి.

వినాయకుడి డప్పుల్లో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే క్షమించాలి.

ఒక సంగతి దాచడం బాగుండదని చెబుతున్నాను. కోఠారీ శెట్ నాకు ఫోన్ చేశాడు. పేపర్లో అంకెలు నిజమేనా అని అడిగి, "మిరజ్‌కి తిరిగొచ్చే ఆలోచనేమైనా ఉందా పావణే?" అన్నాడు. ఆయనకు నేనెప్పుడు చుట్టమయ్యానో తెలియదు. నవ్వేసి పెట్టేశాను. అక్కకు చెబితే, వస్తే ఎంత బాగుంటుందిరా అని ఏడ్చింది. మీరు వేరేగా అనుకోవద్దు.

జయవంత్

*

మిరజ్, 15 సెప్టెంబర్

జయవంత్‌కు.

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. జవాబు ఇచ్చే స్థితిలో నేను లేను. పని చేసే స్థితిలో మాత్రం ఉన్నాను.

శెట్ నీకు ఫోన్ చేసిన సంగతి నా భార్యకు తెలుసు. నాకు నీ ఉత్తరం ద్వారా తెలిసింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీ మొహం చూసి చెప్పలేదు" అంది. ఆ తర్వాత మూడు రోజులు మేము ఉప్పు, పప్పు మాటలే మాట్లాడుకున్నాము. నీవు నవ్వేసి పెట్టేశానని రాశావు. రానని చెప్పానని రాయలేదు. ఆ తేడాను గమనించాను.

ఇప్పుడు విను. పోయిన వారం మా సగటు గంటకు తొమ్మిది. పదకొండు సూచనలనూ పాటించాను. వాటికి నావి రెండు కలిపాను. ఆపరేషన్ ముగియడానికి పావుగంట ముందే మందు పాత్ర కట్టేస్తున్నాను. గొట్టాల్లో తిరుగుతున్న మందే చివరిదాకా సరిపోతుంది. ఖాళీ అయిన సీసాలను పారేయకుండా తలకిందులుగా నిలబెట్టి అడుగు చుక్కలను కూడా దించుతున్నాను. లిమయే మేడమ్ అంకెలు చూసి, "చౌగులే, ఇది పుణె వాళ్లకి పంపాలయ్యా" అన్నారు. పంపుతున్నాను.

మరొకటి. మందు ఆదా చేస్తూ సోడాలైమ్ తగలేయడం ఆదా కాదు. ప్రతి ఉదయం ఏడుంబావుకు యంత్రం పరీక్షించేటప్పుడు డబ్బా చూస్తున్నాను. గుళికలు వరిబియ్యంలా తెల్లగా ఉన్నాయి, అయిపోతే రావలసిన ఊదారంగు జాడ లేదు. మూడు వారాలుగా అదే డబ్బా. మీ గోడ మీది పన్నెండో సూచనలో ఇంత పొదుపు ఉందో లేదో నాకు తెలియదు.

రాత్రి భోజనం దగ్గర నీ అక్కకు తొమ్మిది అని చెప్పాను. ఆమె "పిల్లలు హాయిగానే ఉంటున్నారా?" అంది. నీ పదిని గురించి ఆమె ఆ ప్రశ్న ఎన్నడూ అడగలేదు.

ధోండిరామ్ చౌగులే

*

పుణె, 18 సెప్టెంబర్

దాజీ, ఇది అందగానే థియేటర్‌కు వెళ్లి ఆ డబ్బా మార్చండి. మిగతాది తర్వాత చదవండి.

ఉదయం చూస్తే లాభం లేదు. ఆరు లీటర్లు పంపే రోజుల్లో చెడుగాలి చాలావరకు బయటికే పోయేది, సోడాలైమ్‌కు పని తక్కువ. అందుకే ఒక డబ్బా మీకు నెలల తరబడి వచ్చేది. ఒక్క లీటరుకు దింపాక భారమంతా దాని మీదే. మూడు రోజుల్లో అయిపోతుంది. అయిపోయినప్పుడు ఊదారంగుకు తిరుగుతుంది, నిజమే. కానీ రాత్రంతా ఊరికే ఉంటే రంగు మళ్లీ వెనక్కి పోయి తెల్లబడుతుంది. బలం రాదు, రంగే వస్తుంది. చూడాల్సింది సాయంత్రం, ఆఖరి కేసు టేబుల్ మీద ఉండగా. నేను కొట్టేసిన పన్నెండోది ఇదే.

నిన్నటి నుంచి మూడుసార్లు థియేటర్‌కి ఫోన్ చేశాను. మీరు ఫోన్ దగ్గరికి రాలేరని అక్కడివాళ్లు చెప్పారు.

జయవంత్

*

మిరజ్, 18 సెప్టెంబర్

జయవంత్‌కు.

నీవు మూడుసార్లు ఫోన్ చేశావని సిస్టర్ చెప్పింది. "మీ బావమరిది గొంతు వింటే కొంపలు అంటుకున్నట్టుంది" అని నవ్వింది కూడా. నేను ఖాళీగానే ఉన్నాను. రాలేదు.

నా తొమ్మిది నీకు బుధవారం అంది ఉంటుంది. ఫోను బుధవారమే మోగింది. ఇందులో అర్థం చేసుకోవడానికి కష్టమైనది లేదు. పిల్లవాడికి లెక్కలు నేర్పినవాడే వాడికంటే ఒక మార్కు ఎక్కువ తెచ్చుకుంటే వాడికి కొంచెం మంటగానే ఉంటుంది. ఆ మంట ఎలా ఉంటుందో ఈ ఆగస్టు నుంచి నాకు బాగా తెలుసు.

దసరాకు రెండు రోజుల ముందు, అక్టోబర్ మూడున కమిటీ కూర్చుంటుంది. అంతవరకు మనం రాసుకోకపోవడం మంచిది.

ధో. చౌగులే

*

మిరజ్, 24 సెప్టెంబర్

జయవంత్‌కు.

నీ ఉత్తరం శనివారం అందింది. విప్పకుండా సొరుగులో పెట్టాను. కమిటీ అయ్యాక చదవాలనుకున్నాను. ఈ మాట ముందు రాయకపోతే తక్కినది రాయలేను.

సోమవారం నాలుగో కేసు, తాస్‌గావ్ ద్రాక్షతోట కూలీల కూతురు. ఏడేళ్లది, గజ్జల దగ్గర చిన్న ఆపరేషన్. అరగంట గడిచాక ముఖం ఎర్రబడింది. నుదుట చెమట. నాడి నూటపది నుంచి నూటనలభైకి పోయింది. లిమయే మేడమ్, మత్తు చాలలేదనుకుని, మందు ఇంకా పెంచమన్నారు. పెంచాను. నాడి తగ్గలేదు. మా యంత్రానికి సోడాలైమ్ డబ్బా కింద, గోడవైపు ఉంటుంది. కూర్చుంటే తప్ప కనపడదు. చెయ్యి పెట్టాను. పనిచేసే డబ్బా వెచ్చగా ఉండాలి. చల్లగా ఉంది.

నేను ఎవరినీ అడగలేదు. చెడుగాలి బయటికి పోయేలా వాయువును ఎనిమిది లీటర్లకు తెరిచాను. నాలుగు నిమిషాల్లో నాడి దిగడం మొదలైంది. మేడమ్ నా వైపు చూసి, "ఇప్పుడు కుదురుకుంది, మంచి పని చేశావ్" అన్నారు. వంగి చూశాను. డబ్బా అడుగు నుంచి పైదాకా ఊదారంగు. పాప లేవడానికి గంటన్నర పట్టింది. లేచింది, నీళ్లడిగింది, వాళ్లమ్మను గుర్తుపట్టింది. నిన్న ఇంటికి పంపారు.

ఆ గుళికలు గుప్పెడు సీసాలో వేసి ఇంటికి తెచ్చాను. నిన్న ఉదయం చూస్తే తెల్లబడి ఉన్నాయి. అప్పుడు సొరుగు తీసి నీ ఉత్తరం చదివాను.

అది ఆలస్యంగా అందిందని చెప్పుకోవడానికి లేదు. శనివారం అందింది, సోమవారం ఆ పాప వచ్చింది. మధ్యలో ఆదివారం ఉంది. ఒక్క ఆదివారం నాకు చాలేది.

ఇది నీకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. కమిటీకి తొమ్మిది రోజులుంది. ఏం చేయాలో తెలియడం లేదు. నిన్ను అడగడం నాకు ఇష్టం లేదు. అడుగుతున్నాను.

ధోండిరామ్

*

పుణె, 27 సెప్టెంబర్

దాజీకి, జయవంత్.

పాప బాగుంది. డబ్బా మార్చారు. చాలు. ఇక ఎవరికీ చెప్పకండి.

మీరు చెబితే ఏమవుతుందో నేను చెబుతాను. శెట్ 'చదువు లేనివాడి చేతిలో పెడితే ఇంతే' అంటాడు. ఇరవై ఏడేళ్లూ ఆ ఒక్క మాటలో కొట్టుకుపోతాయి. పట్టికలో ఆ సూచన కొట్టేసి పంపింది నేను. అందులో సగం తప్పు నాది, దాన్ని నా దగ్గరే ఉండనివ్వండి. శెట్ రెండోసారి ఫోన్ చేస్తే రానని స్పష్టంగా చెప్పాను. మీకు రాయలేదు, రాస్తే గొప్పకు రాశానంటారు.

మంట నాకు లేదనుకోకండి. మీ పక్కన నిలబడ్డ ఆ రెండేళ్లలో ఒకటి చూశాను. సర్జన్లు కత్తి పట్టుకునే ముందు "చౌగులే ఉన్నాడా?" అని అడిగేవాళ్లు. ఇక్కడ నన్ను ఆరేళ్లుగా "టెక్నీషియన్" అంటారు. ఫొటో వచ్చిన రోజు కూడా ఒక సర్జన్ దాన్ని నాకే చూపించి, ఇతనెవరో మన దగ్గరే పనిచేస్తాడట అన్నాడు. నేను మీ కుర్చీ కోరుకోలేదు దాజీ. మీ పేరు పిలిచినట్టు నా పేరూ ఎవరైనా పిలవాలని కోరుకున్నాను.

నోరు మూసుకుని ఆ ఉద్యోగం తీసుకోండి. అక్క కోసమైనా.

జయవంత్

*

మిరజ్, 6 అక్టోబర్

ప్రియమైన జయవంత్,

చెప్పేశాను.

కమిటీ ముందు మొదట అంకెలు చదివాను. ముప్పై ఒకటి నుంచి తొమ్మిది. శెట్ బల్ల మీద చరిచి, కొత్త థియేటర్ గోడకు ఈ తొమ్మిదిని పెద్ద అక్షరాలతో రాయించాలని, అన్ని షిఫ్టులవాళ్లూ దాన్ని అందుకోవాలని అన్నాడు. అంతవరకు నేను నీ సలహా ప్రకారమే ఉన్నాను. ఆ మాట విన్నాక కుదరలేదు. గోడ మీద ఆ అంకె చూసి ఎవడో ఒకడు, నేను నీ పది వెంట పరుగెత్తినట్టే, దాని వెంట పరుగెత్తుతాడు. వాడి టేబుల్ మీద కూడా ఒక పిల్ల ఉంటుంది.

సోమవారం జరిగినదంతా చెప్పాను. చదవకుండా పెట్టిన ఉత్తరం సంగతితో సహా.

శెట్ నా వైపు తిరిగాడు. "పిల్లకేమైనా అయిందా?"

కాలేదన్నాను.

"వాళ్లవాళ్లు అడిగారా?"

లేదన్నాను.

"మరి నీ నోటితో నువ్వే ఎందుకు పాడుచేసుకుంటున్నావ్ చౌగులే?"

జవాబు చెప్పబోయేలోగా లిమయే మేడమ్ అందుకున్నారు. ఆమె గొంతు పెంచలేదు. "ఆ రోజు నేను మందు ఇంకా పెంచమన్నాను. నువ్వు నా పక్కనే ఉండి డబ్బా చూశావ్. అయినా నాకు చెప్పలేదు. పదకొండు రోజులు నేను, నువ్వు మంచి పని చేశావనే అనుకుంటూ తిరిగాను." ఇరవై ఏడేళ్లలో నన్ను ఎవరూ తిట్టలేదని కాదు. ఇది తిట్టు కాదు, అందుకే ఇంకా తగులుతోంది.

నిర్ణయాలు ఇవి. పిల్లలకు సెవో కొనసాగుతుంది. మూడు రోజులకొకసారి సోడాలైమ్ మార్చాలి, ఆఖరి కేసు నడుస్తుండగా చూసి సంతకం పెట్టాలి. ఊపిరి కొలిచే తెర మరొకటి కొనేదాకా పిల్లల టేబుల్ దగ్గర రెండు లీటర్లకు తగ్గించకూడదు. ఆ ప్రకారం గంటకు పదిహేను వస్తుంది. అయినా సగానికి తక్కువే, కాబట్టి శెట్ మాట చెల్లింది. ఉద్యోగం నాకు లేదు. నేను ఉన్నచోటే ఉంటాను. ఇన్‌చార్జి కోసం శెట్ నీకు మూడోసారి ఫోన్ చేస్తాడు. ఈసారి రమ్మని నేను అడుగుతున్నాను. నీవు రానంటే పేపర్లో ప్రకటన వేస్తారు. వచ్చేవాడికి సాయంత్రం డబ్బా చూడాలని తెలుస్తుందో లేదో నాకు తెలియదు. నీకు తెలుసు.

నిన్ను రమ్మంటున్న విషయం నీ అక్కతో చెప్పాను. ఆమె సంతోషపడింది, నా ముందు ఆ సంతోషం దాచడానికి పెరట్లోకి వెళ్లింది. కొంతసేపటికి తిరిగొచ్చి, ఆ పాప పేరేమిటని అడిగింది. చెప్పాను.

నాకు అసూయగా ఉంది జయవంత్. నీ మీద, నీ డిప్లొమా మీద, పుణెలోని ఆ తెరల మీద, ఫోన్‌లో నీ గొంతు వినగానే ఈ ఇంట్లో వచ్చే వెలుగు మీద. ఈ వాక్యం రాయడానికి మూడు కాగితాలు చించాను. నీవు వచ్చాక అది పోతుందని మాట ఇవ్వలేను. థియేటర్‌లో అది నీకు కనిపించిన రోజు ముఖం మీదే చెప్పు; సూచన కొట్టేసినట్టు కొట్టేయకు.

దీపావళి తర్వాతి సోమవారం కొత్త థియేటర్‌లో మొదటి కేసు, నాలుగేళ్ల పిల్లవాడు. ఆ రోజు కేసుల పట్టిక తయారుచేశాను. వరుస సంఖ్య, పేరు, వయసు, బరువు అన్నీ నింపాను. మాస్కు పట్టే టెక్నీషియన్ పేరు రాయవలసిన గడి ఒక్కటి వదిలాను. అది ఇన్‌చార్జి నింపవలసినది. అందులో నా పేరు రాస్తే మాస్కు పట్టుకుంటాను. రాయకపోతే నాకు కోపం వస్తుంది. అయినా ఆ ఉదయం యంత్రం సిద్ధంగా ఉంటుంది.

నీ
ధోండిరామ్ దాజీ